ఏ ఎక్స్‌టెన్షన్, ఆపా?

ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొస్తే తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "ఇన్నేళ్ళు దుబాయ్‌లో చేశారు కదా, మీరు చేసిన పెద్ద పని ఏంటి?" అని. పరుగులు తీస్తున్న ఒక వీడియోను మెల్లగా నడిపించానర్రా, అంటాను. వాళ్ళ మొహాలు అప్పుడు చూడాలి. పాపం, మర్యాదస్తులు, నవ్వాపుకుంటారు. కాస్త ఓపిక పట్టి వింటే అదెంత పెద్ద పనో చెబుతాను.

దుబాయ్ అల్ ఖూజ్‌లో క్రేన్లు, వాటితోపాటు మనుషుల్ని అద్దెకు పంపే ఒక కంపెనీలో నేను ట్రైనింగ్ రూమ్ చూసుకునేదాన్ని. మాది నెల్లూరు. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. అందుకని కంపెనీ పనివాళ్ళ క్యాంపులో ఉండే జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళందరికీ నేను 'ఆపా'ని, అంటే అక్కని. ఎవరికి ఏ శిక్షణ అయింది, ఎవరి కార్డు గడువు తీరుతోంది, ప్రొజెక్టర్ బల్బు మళ్ళీ ఎందుకు మాడిపోయింది, ఇవీ నా పనులు. ఉద్యోగం చిన్నదే గానీ నోరు పెద్దది. మా ముదీర్, అంటే మేనేజరు, అంతటి మనిషి కూడా నా గదిలోకి తలుపు కొట్టి వచ్చేవాడు.

కరోనా వచ్చిన ఏడాది గదిలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పడం ఆగిపోయింది. దాని బదులు వీడియోలు వచ్చాయి. ఏదో వెబ్‌సైటు, అందులో పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఒక సారు, ఆయన వెనకాల తళతళలాడే కొత్త క్రేను. ఇంగ్లీషులో ఒకటి, హిందీలో ఒకటి. రెంటిలోనూ ఆయన ఎవరో తరుముతున్నట్టు మాట్లాడేవాడు. గొంతేమో నూతిలోంచి వస్తున్నంత చిన్నగా ఉండేది. కావాలంటే ఆపుకోవచ్చు, మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. అంతకుమించి ఆ వీడియో కింద ఒక్క బటన్ కూడా లేదు. రవ్వంత వెనక్కి జరుపుదామంటే మొత్తం మొదటికి వచ్చేది.

ఆ ఎండాకాలం పనులు పడిపోయాయి. వీసా గడువు దగ్గరపడ్డ హెల్పర్ల విషయంలో ముదీర్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. సిగ్నల్‌మ్యాన్ కార్డు తెచ్చుకున్నవాళ్ళకు వీసా పొడిగిస్తారు, తెచ్చుకోలేనివాళ్ళు ఖలాస్, ఊరికి పోవాల్సిందే. సిగ్నల్‌మ్యాన్ అంటే క్రేనుకు ఎదురుగా కింద నిలబడి చేతులతో సైగలు చేసే మనిషి. పైన కూర్చున్న ఆపరేటర్‌కి కింద ఏముందో సరిగ్గా కనబడదు. ఎత్తు, దించు, ఎడమకు తిప్పు, కుడికి తిప్పు, ఆగు, అని కింది మనిషి చేతులే అతనికి చెప్పాలి. ఆ సైగలు వీడియోలో నేర్చుకుని, ముందు కంప్యూటర్‌లో ప్రశ్నలకు జవాబులివ్వాలి. తర్వాత యార్డులో బయటి పరీక్షాధికారి ముందు నిజం క్రేనుతో చేసి చూపించాలి.

మా హెల్పర్లలో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినాయన ఒకడుండేవాడు. నలభై అయిదు దాటిన మనిషి. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, హిందీ మెల్లగా చెబితే అర్థమవుతుంది. ఒక మధ్యాహ్నం మాస్కు సర్దుకుంటూ నా గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఆపా, ఆ వీడియోల సారు మస్తు ఉరుకుతాండు. నేను ఒక చెయ్యి లేపేలోపట ఆయన ఇంకో రెండు సైగలు చేత్తాండు. జర ఆగుమను."

"ఆగమనడానికి ఆయనేమన్నా నా పక్క కుర్చీలో కూర్చున్నాడా అయ్యా?"

"నాకు ఎవరు తెలుసు ఆపా, నువ్వు తప్ప? నా బిడ్డ కరీంనగర్ల నర్సింగ్ చదువుతాంది. అది అయిపోయేదాంక నేను ఈడ ఉండాలె. అటెన్క మీరు పొమ్మనకున్నా పోత."

కసరడం నాకు అలవాటు, కసిరాను. కానీ అతను వెళ్ళాక తలుపు వేసుకుని ఆ వీడియో పెట్టి, సారుతోపాటు నేనూ చేతులు ఊపి చూశాను. నా వల్ల కాలేదు. కుర్చీలో కూలబడి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా ఇంకో ఆఫీసుకు ఫోన్ చేశాను. మా కంప్యూటర్ల డాక్టరు అక్కడే ఉండేవాడు. రాజమండ్రి వైపు కుర్రాడు, పెళ్ళయి ఏడాది. తిట్టినా "అవునండి" అనేవాడు.

"మేడమ్ గారూ, దానికి ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే సరిపోద్దండి," అన్నాడు.

"ఎక్స్‌టెన్షన్ మొన్ననే తెప్పించానయ్యా. అయిదు ప్లగ్గులు పడతాయి దానికి."

నవ్వుకోవడానికి ఫోన్ పక్కన పెట్టాడని నా అనుమానం. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. "ఆ వైరు కాదండి. ఇప్పుడు మీ టీవీకి రిమోట్ రాలేదనుకోండి, బజార్లో వేరేది కొనుక్కుంటారు కదండి. ఇదీ అంతేనండి. మీరు వీడియో చూసే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. వేగం తగ్గించుకోవచ్చు, గొంతు పెంచుకోవచ్చు, చీకటిగా ఉంటే వెలుతురు పెంచుకోవచ్చు, ఒక ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పించుకోవచ్చండి. నేనొచ్చి పెడతాను. దొరికిందల్లా మీరు పెట్టెయ్యకండి. కొన్ని మనం చేసేవన్నీ తొంగి చూస్తాయండి."

అతనొచ్చేదాకా ఆగితే నేను నేనెందుకవుతాను? వెతికితే అన్నిటికంటే పైన కనబడిందాన్ని పెట్టేశాను. సారు మెల్లగా మాట్లాడటం సంగతేమో గానీ, ఎటు నొక్కినా పేకాట ప్రకటనలు, నువ్వే గెలిచావంటూ గంటలు. ముదీర్ తలుపు కొట్టే చప్పుడు వినబడి ఏకంగా కంప్యూటర్ ప్లగ్గే పీకేశాను. రాజమండ్రి అబ్బాయి మర్నాడు వచ్చి అదంతా కడిగేసి, తను పరీక్షించి చూసుకున్నది ఒకటి పెట్టాడు. చెప్పానా లేదా అని ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

నా సంబరం చూడండి, ఆ సాయంత్రమే క్యాంపు వాట్సాప్ గ్రూపులో గొంతు సవరించుకుని వాయిస్ మెసేజ్ పెట్టాను. "శుక్రవారం హెల్పర్లందరూ ట్రైనింగ్ రూమ్‌కి రండి. మీకోసం ఎక్స్‌టెన్షన్ పెట్టించాను." అప్పట్లో మాకు సెలవు శుక్రవారమే.

శుక్రవారం నేను షార్జా రోలాలోని మా ఇంటి నుంచి వచ్చి బస్సు దిగేసరికి ట్రైనింగ్ రూమ్ తలుపు నుంచి గేటు దాకా వరస. అందరూ ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. చేతుల్లో పాస్‌పోర్టు కాగితాలు, కవర్లలో ఫోటోలు. ఒకాయనైతే లడ్డూల డబ్బా తెచ్చాడు. నాకు అర్థం కాలేదు.

"ఏందయ్యా ఇది, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు?"

జగిత్యాల మనిషి వరసలో ముందే ఉన్నాడు. "నువ్వే గదా ఆపా, ఎక్స్‌టెన్షన్ పెట్టిచ్చిన అన్నవు."

అప్పుడు తట్టింది నా బుర్రకు. ఆ ఎండాకాలం క్యాంపులో ఆ మాటకు ఒక్కటే అర్థం, వీసా పొడిగింపు. వీళ్ళు రాత్రే ఇళ్ళకు ఫోన్లు కూడా చేసి చెప్పేసుంటారు. ఇది ఆ ఎక్స్‌టెన్షన్ కాదని, వీడియోలకు పెట్టేదని మెల్లగా చెప్పాను.

"మరి ఏ ఎక్స్‌టెన్షన్, ఆపా?" అన్నాడు అతను. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

నేను మళ్ళీ చెప్పాను. కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. లడ్డూల ఆయన ఎలాగూ తెచ్చాను కదా అని అందరికీ పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు, దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. చాలామంది క్యాంపుకు తిరిగి వెళ్ళిపోయారు. జగిత్యాల మనిషి మాత్రం వెళ్ళకుండా తలుపు దగ్గరే ఉన్నాడు. "వచ్చిన గదా ఆపా, అదేందో సూపెట్టు," అన్నాడు.

చూపించాను. వేగం సగానికి తగ్గించగానే సారు గొంతు సాగిపోయింది. "ఈ సారు పొద్దుగాలనే మందేసుకొని వచ్చిండా?" అన్నాడు అతను. ఆ ఉదయం నాకు మొదట నవ్వు వచ్చింది అప్పుడే. మరీ సగం కాకుండా ఇంకాస్త పెంచాం, గొంతు కుదిరింది. సారు నల్ల గ్లవుజులు నల్ల చొక్కా మీద కనబడక ఇబ్బందయితే వెలుతురు పెంచాం. 'ఆగు' సైగ దగ్గర మొదలు, చివర గుర్తు పెట్టి, ఆ ముక్కనే తిరిగేలా చేశాం. సారు చెయ్యి చాచడం, ఇతను చెయ్యి చాచడం, మళ్ళీ సారు, మళ్ళీ ఇతను. మధ్యాహ్నానికి హిందీ మాటలు కూడా సగం పట్టుకున్నాడు.

ఈ సంగతి మర్నాటికి క్యాంపంతా పాకింది. వెళ్ళిపోయినవాళ్ళు వచ్చే శుక్రవారం నుంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. దూరం దూరంగా కుర్చీలు వేసి, వంతులు పెట్టి, నా నోటికి మళ్ళీ పని దొరికింది.

ఇది చూసి ముదీర్ ఒక రోజు లోపలికొచ్చాడు. వేగం తగ్గించేది పెంచదా అని హిందీలో అడిగాడు. పెంచుతుందన్నాను. అయితే రెండింతలు పెట్టు, ఒక్కరోజులో అందరూ చూసినట్టు అయిపోతుంది, యల్లా, కానివ్వు, అన్నాడు. "సాబ్, యార్డులో క్రేన్ కూడా రెండింతల వేగంతో తిప్పిద్దామా? మీరు కింద నిలబడతారా?" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఇక నాకే ఖలాస్ అనుకున్నాను. మర్నాడు స్టోరులో మూలపడేసిన ఇంకో కంప్యూటర్ నా గదికి వచ్చింది. క్షమించమనడానికి ఆయనకు వేరే పద్ధతి తెలియదు.

జగిత్యాల మనిషి కంప్యూటర్ ప్రశ్నలు దాటేశాడు. ఇక యార్డు పరీక్ష మిగిలింది. ఆ రోజు నేను కూడా టోపీ పెట్టుకుని ఎండలో వెళ్ళి నిలబడ్డాను. క్రేను మీద పెషావర్ పఠాన్, మా దగ్గర పాత ఆపరేటర్. పరీక్షాధికారి ఎత్తమంటే మా మనిషి ఎత్తించాడు, దించమంటే దింపించాడు, ఆగు అంటే చెయ్యి రాయిలా ఆగింది. పరీక్షాధికారి తల ఊపుతున్నాడు. తర్వాత ఆయన "ఎడమకు తిప్పించు" అన్నాడు. మా మనిషి తొణక్కుండా ఎడమ చెయ్యి చాచాడు.

క్రేను కుడికి తిరిగింది. పఠాన్‌కు ఇతను బాగా తెలుసు. తప్పని తెలిసి కూడా, సైగ ఎటు చూపిస్తే అటే తిప్పాడు. అది వాళ్ళ ధర్మం. అక్కడ ఎడమ అంటే ఆపరేటర్ ఎడమ. ఎదురుగా నిలబడ్డవాడు దానికి తన కుడి చెయ్యి చాచాలి. పరీక్షాధికారి ఈల ఊది ఆపేశాడు. ఫెయిల్.

అతను నా దగ్గరకొచ్చి, "సారు ఎట్ల జేసిండో గట్లనే జేసిన ఆపా," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. ఆ పరీక్షాధికారి మళ్ళీ ఒక్కసారి వస్తాడు. అప్పటికి ఇతని వీసాకు ఇంకా కొద్ది రోజులే ఉంటాయి. అదొక్కటే అవకాశం.

నేను అతన్ని కంప్యూటర్ ముందు నిలబెట్టి, ఒకసారి చెయ్యమన్నాను. సారు ఎడమకు తిప్పించే సైగ చేశాడు. తెరలో ఆయన చెయ్యి మనకు ఎడమవైపుకు చాచుకుంది. మా మనిషి కూడా తన ఎడమ చెయ్యి అటే చాచాడు. అద్దం ముందు నిలబడి దువ్వుకునేటప్పుడు మనమంతా చేసేదే. అతనిలో తప్పేమీ లేదు. తెరలో సారు మనవైపు తిరిగి ఉన్నాడు, అది ఆయన కుడి చెయ్యి. ఆ తప్పునే మేము మెల్లగా, గొంతు పెంచి, వెలుతురు పెంచి, మళ్ళీ మళ్ళీ తిప్పి, బ్రహ్మాండంగా నేర్పించాం. ఇతనికే కాదు, ఆ గదిలో కూర్చున్న అందరికీ.

"సారు ఎటు చూపిస్తే నువ్వు దానికి ఉల్టా చెయ్యి," అన్నాను. దానితో ఉన్నది కూడా పోయింది. ఎత్తమంటే దించడం మొదలుపెట్టాడు. "నువ్వు చెప్తే తలకాయకు ఎక్కుతాంది ఆపా, చెయ్యికి ఎక్కుతలేదు," అని కుర్చీలో కూర్చుండిపోయాడు. బిడ్డకు ఏమని చెప్పాలో ఆలోచిస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

మళ్ళీ రాజమండ్రి అబ్బాయికే ఫోన్. సంగతంతా విని అతను, "మా ఆవిడ ఆన్‌లైన్లో డాన్సు నేర్చుకుంటుందండి. ఆవిడ ముందు అద్దం బటన్ నొక్కుద్దండి," అన్నాడు.

"అద్దం బటన్ ఏందబ్బా?"

"మనం పెట్టిన దాంట్లోనే ఉందండి. రెండు బాణాలు ఎదురెదురుగా ఉంటాయి చూడండి. వీడియోని కుడి ఎడమలు మార్చేసుద్దండి. మీకు పనికిరాదనుకుని చెప్పలేదండి."

ఇన్ని వారాలుగా ఆ బాణాలు నా కళ్ళ ముందే ఉన్నాయి. నొక్కాను. సారు, క్రేను, అన్నీ అటువి ఇటు, ఇటువి అటు అయిపోయాయి. సారు ఇప్పుడు తెరలో కుడివైపుకు చెయ్యి చాచాడు. మా మనిషి ఏమీ ఆలోచించకుండా తనూ కుడి చెయ్యి చాచాడు. సరిగ్గా కావాల్సింది అదే. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు మాత్రం తలకిందులు కాకపోయినా తిరగబడి వికారంగా కనబడ్డాయి. "అక్షరాలు పాడయ్యాయి కదయ్యా," అన్నాను.

"నాకు సక్కగున్న ఇంగ్లీషైనా, తిరగబడ్డ ఇంగ్లీషైనా ఒక్కటే ఆపా. నువ్వు తిప్పు," అన్నాడు.

చేతికి పట్టిన అలవాటు పోగొట్టడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. ఎడమ అనగానే ఒకసారి కుడి చెయ్యి లేచేది, ఒకసారి ఎడమ, ఒకసారి రెండూ. అన్నం తినే విరామంలో వచ్చేవాడు, బస్సుకు ముందు వచ్చేవాడు. క్యాంపులో కూరగాయలు తరుగుతున్నవాళ్ళు "ఎడమ" అని అరిస్తే ఇతను కుడి చెయ్యి చాచేవాడట. నేను కసరడం మానేశాను, దానికే అతను భయపడ్డాడు. "నువ్వు తిడుతలేవంటె నాకు రాదనా ఆపా?" అన్నాడు. అప్పుడు మళ్ళీ తిట్టాను.

పరీక్ష రోజు వచ్చింది. అదే యార్డు, అదే పఠాన్, అదే పరీక్షాధికారి. మా మనిషి ఎత్తించాడు, దింపించాడు. "ఎడమకు" అన్నాడు పరీక్షాధికారి. మా మనిషి ఎడమ చెయ్యి నడుము దాకా లేచింది. ఆ చెయ్యి అక్కడే ఆగి, మెల్లగా కిందికి దిగిపోయింది. కుడి చెయ్యి బారుగా చాచుకుంది. క్రేను ఎడమకు తిరిగింది. పైన క్యాబిన్ అద్దంలోంచి పఠాన్ నవ్వు మాకు కింద దాకా కనబడింది. పరీక్షాధికారి కుడి అన్నాడు, మళ్ళీ ఎడమ అన్నాడు, ఏది అడిగినా తప్పలేదు. నేను ఎండ వంకతో కళ్ళు తుడుచుకున్నాను. ఏడ్చాననే రాసుకోండి, నాకేం సిగ్గు లేదు.

కార్డు వచ్చింది, వీసా పొడిగించారు. అద్దం బటన్‌తో నేర్చుకున్న మిగతావాళ్ళలో కూడా చాలామంది దాటారు. కొందరు దాటలేక ఊరికి వెళ్ళారు. వాళ్ళను ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కించిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత కొన్నాళ్ళకు అతనే వచ్చి అడిగాడు. "ఆపా, కొత్తగ వచ్చెటోళ్ళు నా లెక్క ఆగం గావద్దు. మనమే ఒక వీడియో తీద్దామా? తెలుగుల, హిందీల, మెల్లగ." రాజమండ్రి అబ్బాయి ఫోన్ స్టాండు పట్టుకుని వచ్చాడు. మా మనిషి ఫోనుకు వీపు పెట్టి, క్రేను వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇటు తిరగండి, మొహం కనబడాలి కదండి," అన్నాడు అబ్బాయి.

"మొకం జూసి ఏం జేత్తరు సారు? నేను ఎట్ల నిలవడితె ఆళ్ళు గట్లనే నిలవడుతరు. నా కుడి చెయ్యి ఆళ్ళకు కుడి చెయ్యే అయితది."

అలాగే తీశాం. వేగం తగ్గించక్కర్లేదు, అద్దం బటన్ నొక్కక్కర్లేదు. ముదీర్ చూసి, ఈయన మొహమేదీ అన్నాడు, రెండోసారి చూసి ఊరుకున్నాడు. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ ముందు అదే చూపించేవాళ్ళం. నేను రిటైరై వచ్చేసేనాటికి కూడా అదే నడుస్తోంది.

మొన్నీమధ్య కరీంనగర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. అతని కూతురు. చదువు పూర్తయి ఆసుపత్రిలో చేరిందట, డ్యూటీ మధ్యలో మాట్లాడుతోంది. నా నంబరు తండ్రే ఇచ్చాడట. కుశలమంతా అయ్యాక, నాన్న వీడియో చూశావామ్మా, మొహం కూడా కనబడనివ్వలేదు మీ నాన్న, అన్నాను.

"మొకం లేకున్నా చూడంగనే గుర్తువట్టిన మేడమ్. చిన్నప్పటి సంది నేను బాపును ఎక్కువ చూసింది గట్లనే. సెలవు అయిపోయినంక బ్యాగు ఏసుకొని పోతాంటె, ఎనుక నుంచి. అప్పుడు సందు మూల మలిగేదాంకనే కనవడేటోడు. గీ వీడియోల ఎన్నిసార్లు పెట్టుకున్నా పోడు మేడమ్, ఆడనే నిలవడి ఉంటడు."